ఐర్లాండ్ మృతుల లెక్క ఒక్కో చోట ఒక్కోలా ఎందుకుంది? (1914–1923)

ఐర్లాండ్ స్వాతంత్ర్య పోరాటంలో ఎంతమంది చనిపోయారని వెతికితే ఒక చోట 485 అని, మరో చోట 2,850 అని, ఇంకో చోట 49,400 అని కనిపించిందని, వీటిలో దేన్ని నమ్మి వ్యాసంలో రాయాలో తెలియడం లేదని మీరు అడిగారు. డిగ్రీ విద్యార్థులకు ఆధునిక ఐరోపా చరిత్రను చాలా ఏళ్ళు బోధించాను. ఈ ప్రశ్న తరగతిలో తరచుగా వచ్చేది. మూడు అంకెలకూ ఆధారం ఉంది, కానీ మూడూ వేర్వేరు మనుషుల లెక్కలు. 485 అనేది 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు కారణంగా చనిపోయినవారి సంఖ్య. 2,850 అనేది ఆ తిరుగుబాటు మొదలుకొని 1921 డిసెంబరు వరకు ఐర్లాండ్‌లో రాజకీయ హింసలో పోయిన ప్రాణాల లెక్క. 49,400 మాత్రం మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన సైనికుల పేర్ల పట్టికకు చెందినది. వాళ్ళు బ్రిటిష్ రాజు సైన్యంలో, బ్రిటిష్ దుస్తుల్లో చనిపోయారు.

పెద్ద అంకెతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ గందరగోళం అక్కడే ఉంది. 1914లో యుద్ధం మొదలయ్యే నాటికి ఐర్లాండ్‌కు హోమ్ రూల్ ఇచ్చే చట్టం చివరి దశకు వచ్చింది. సెప్టెంబరులో అది చట్టమైంది, కానీ యుద్ధం ముగిసేదాకా అమలు కాకుండా వాయిదా పడింది. అప్పటి ఐరిష్ పార్లమెంటరీ పార్టీ నాయకుడు జాన్ రెడ్మండ్ అదే నెల 20న వుడెన్‌బ్రిడ్జ్‌లో మాట్లాడుతూ, హోమ్ రూల్‌ను కాపాడుకోవడానికి ఏర్పడిన ఐరిష్ స్వచ్ఛంద దళాలవారు దేశం బయటికి వెళ్ళి కూడా యుద్ధం చేయాలని పిలుపునిచ్చాడు. యుద్ధంలో తోడు నిలిస్తే స్వపరిపాలన దక్కుతుందని నమ్మినవారు వేలల్లో చేరారు. ఉత్తరాన అల్‌స్టర్‌లో, బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనుకునే యూనియనిస్టులు హోమ్ రూల్ రాకుండా ఉంటుందన్న నమ్మకంతో చేరారు. నగరాల మురికివాడల్లో పని లేక, కుటుంబానికి వచ్చే భత్యం కోసం చేరినవారు కూడా తక్కువేమీ కాదు. అప్పటికే సైన్యంలో ఉన్నవాళ్ళను కలుపుకుంటే యుద్ధకాలంలో పనిచేసిన ఐరిష్‌వారు రెండు లక్షలకు పైమాటే. 1916లో బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ వచ్చినా ఐర్లాండ్‌లో దాన్ని అమలు చేయలేదు. 1918లో అమలు చేయబోతే జాతీయవాదులంతా ఒక్కటై అడ్డుకున్నారు. కాబట్టి ఐర్లాండ్ నుంచి వెళ్ళినవారంతా, కారణం ఏదైనా, తమంతట తాము చేరినవారే.

వాళ్ళలో ఎంతమంది తిరిగి రాలేదు? 1923లో ఎనిమిది సంపుటాల్లో అచ్చయిన స్మారక పట్టికలో 49,400 పైచిలుకు పేర్లు ఉన్నాయి. హ్యారీ క్లార్క్ అనే చిత్రకారుడు దాని పుటల అంచులను అలంకరించాడు. అయితే ఆ పట్టికను ఐరిష్ రెజిమెంట్లను ఆధారం చేసుకుని కూర్చారు. ఆ రెజిమెంట్లలో ఇంగ్లాండ్, స్కాట్లాండ్‌లలో పుట్టినవారు చాలామంది ఉన్నారు. వాళ్ళ పేర్లూ ఇందులో చేరాయి. పట్టికలో ఐర్లాండ్‌లో పుట్టినట్టు నమోదైనవారు 30 వేల పైచిలుకు మాత్రమే. మరోవైపు ఐర్లాండ్‌లో పుట్టి కెనడా, ఆస్ట్రేలియా, అమెరికా సైన్యాల్లో చేరి మరణించినవారిలో చాలామంది ఇందులో లేరు. అందుకే చరిత్రకారులు ఎక్కువగా 30 వేల నుంచి 35 వేల వరకు అన్న అంచనా వాడతారు. మీ వ్యాసంలో కూడా ఇదే రాయండి. 49,400ను ప్రస్తావించదలిస్తే అది స్మారక పట్టికలోని పేర్ల సంఖ్య అని స్పష్టంగా చెప్పండి.

ఈ మరణాలు ఎక్కడెక్కడ జరిగాయో తెలిస్తే వాటి బరువు అర్థమవుతుంది. 1915 ఏప్రిల్ 25న టర్కీలోని గల్లిపోలి ద్వీపకల్పంలో వి బీచ్ దగ్గర రివర్ క్లైడ్ అనే ఓడ నుంచి, పడవల నుంచి దిగుతున్న డబ్లిన్, మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ అనే ఐరిష్ రెజిమెంట్ల సైనికులు ఒడ్డు చేరకముందే మరఫిరంగులకు గుంపులుగా కూలిపోయారు. 1916 జూలై 1న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదటి రోజున 36వ అల్‌స్టర్ డివిజన్ దాడికి దిగింది. రెండు రోజుల్లో సుమారు 5,500 మంది మరణించడమో, గాయపడడమో, గల్లంతవడమో జరిగింది. వాళ్ళలో చనిపోయినవారే రెండు వేల మంది వరకు ఉంటారు. ఉత్తర ఐర్లాండ్‌లో ప్రొటెస్టెంట్ కుటుంబాలు ఆ తేదీని ఇప్పటికీ ఏటా స్మరించుకుంటాయి. యుద్ధ విరమణకు సుమారు నెల రోజుల ముందు, 1918 అక్టోబరు 10న, డబ్లిన్ దగ్గరి రేవు నుంచి బయలుదేరిన లీన్‌స్టర్ అనే తపాలా ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. 560 మందికి పైగా మునిగిపోయారు. సెలవు ముగించుకుని తిరిగి వెళ్తున్న సైనికులతో పాటు ఓడ సిబ్బంది, తపాలా ఉద్యోగులు, స్త్రీలు, పిల్లలు కూడా అందులో ఉన్నారు.

ఇక 1916 ఏప్రిల్ చివరి వారానికి వద్దాం. ఈ రెండు చరిత్రలు వేర్వేరు అనుకునేవారు ఆ ఒక్క వారాన్ని దగ్గరగా చూడాలి. 24వ తేదీ సోమవారం డబ్లిన్‌లో పాట్రిక్ పియర్స్, జేమ్స్ కానలీల నాయకత్వంలో తిరుగుబాటుదారులు జనరల్ పోస్టాఫీసును ఆక్రమించి రిపబ్లిక్ ప్రకటించారు. అదే వారం 27 నుంచి 29 వరకు ఫ్రాన్స్‌లోని హల్లుక్ దగ్గర జర్మన్లు వదిలిన విషవాయువులో 16వ ఐరిష్ డివిజన్‌కు చెందిన ఐదు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో డబ్లిన్ వాళ్ళు చాలామంది ఉన్నారు. డబ్లిన్ వీధుల్లో తిరుగుబాటుదారులను తిట్టినవారిలో సైనికుల భార్యలు ముందున్నారన్నది చరిత్రలో నమోదైన సంగతే. భర్తలూ కొడుకులూ కందకాల్లో ఉంటే, ఇంటికి వచ్చే భత్యం మీదే పొయ్యి వెలిగే ఆడవాళ్ళకు ఆ సోమవారం మరోలా కనిపించి ఉంటుందని నేను అనుకోలేను.

ఒకే కుటుంబం కథ చెబితే ఇది ఇంకా స్పష్టమవుతుంది. పార్లమెంటు సభ్యుడు డేవిడ్ షీహీ పిల్లల్లో హన్నా, మేరీ, క్యాథ్లీన్ అనే కూతుళ్ళు, యూజీన్ అనే కొడుకు ఉండేవారు. హన్నా భర్త ఫ్రాన్సిస్ షీహీ స్కెఫింగ్టన్ శాంతివాది, స్త్రీల ఓటు హక్కు కోసం పనిచేసినవాడు. పెళ్ళయ్యాక భార్య ఇంటిపేరును తన పేరులో కలుపుకున్నాడు. తిరుగుబాటులో ఆయన తుపాకీ పట్టలేదు. దుకాణాల లూటీని ఆపడానికి పౌరులను కూడగట్టాలని తిరుగుతూ 25వ తేదీ సాయంత్రం సైనికులకు చిక్కాడు. మర్నాడు ఉదయం పోర్టొబెల్లో బ్యారక్స్ పెరట్లో బోవెన్ కోల్థర్స్ట్ అనే కెప్టెన్ ఏ విచారణా లేకుండా ఆయనను, మరో ఇద్దరు పత్రికా రచయితలను కాల్పించాడు. తరువాత జరిగిన సైనిక విచారణలో ఆ కెప్టెన్‌ను దోషి అంటూనే మతిస్థిమితం లేనివాడిగా తేల్చారు. ప్రభుత్వం ఇవ్వజూపిన పరిహారాన్ని హన్నా తీసుకోలేదు.

మేరీ భర్త టామ్ కెటిల్ డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఆర్థికశాస్త్ర ఆచార్యుడు, మాజీ పార్లమెంటు సభ్యుడు. 1914 వేసవిలో ఐరిష్ స్వచ్ఛంద దళాలకు తుపాకులు కొనడానికి బెల్జియం వెళ్ళాడు. అక్కడ జర్మన్ సైన్యం చేసిన దారుణాలు కళ్ళారా చూసి, తిరిగి వచ్చాక బ్రిటిష్ సైన్యంలో చేరాడు. తోడల్లుడిని తాను వేసుకున్న దుస్తులే వేసుకున్న అధికారి చంపించాడు. తన స్నేహితులను అదే సైన్యం కాల్చింది. అయినా కెటిల్ యుద్ధభూమికి వెళ్ళి 1916 సెప్టెంబరు 9న సోమ్ ప్రాంతంలోని గిన్షీ దగ్గర ప్రాణం వదిలాడు. సమాధి ఎక్కడో తెలియదు. థిప్‌వాల్ స్మారకం మీద పేరు మాత్రం ఉంది. తిరుగుబాటుదారులు వీరులుగా నిలిచిపోతారని, తాను మిగిలితే ఒక బ్రిటిష్ అధికారిగానే గుర్తుంటానని ఆయన ముందే ఊహించాడు. బావమరిది యూజీన్ తిరుగుబాటు సమయంలో డబ్లిన్‌లోనే బ్రిటిష్ సైనిక అధికారిగా ఉన్నాడు. ఆ తరువాత స్వతంత్ర ఐర్లాండ్‌లో న్యాయమూర్తి అయ్యాడు. ఇందులో ఎవరిది దేశభక్తి, ఎవరిది కాదు అని తీర్పు చెప్పే హక్కు వందేళ్ళ తరువాత మనకు ఉందని నేను అనుకోను.

తిరుగుబాటులో చనిపోయిన 485 మందిలో సగానికి మించి, 54 శాతం, పౌరులే. బ్రిటిష్ సైనికులు నాలుగో వంతు పైచిలుకు. వాళ్ళలోనూ ఐరిష్‌వారు చాలామంది ఉన్నారు. తిరుగుబాటుదారులు సుమారు 16 శాతం, మిగిలినవారు పోలీసులు. పదహారేళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలు 40 మంది. నార్త్ కింగ్ స్ట్రీట్‌లో పోరాటం తీవ్రమైన చోట సైనికులు ఇళ్ళలోకి చొరబడి నిరాయుధులైన మగవాళ్ళను చంపారు. పాఠ్యపుస్తకాల్లో మనకు ఎక్కువగా కనిపించేది మరణశిక్ష పడిన పదహారు మంది. మే 3 నుంచి 12 వరకు కాల్చి చంపిన పదిహేను మంది, ఆగస్టు 3న లండన్‌లో ఉరితీసిన రోజర్ కేస్‌మెంట్. గాయాలతో నిలబడలేని కానలీని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. ప్రజాభిప్రాయాన్ని తిప్పింది ఈ మరణశిక్షలే కాబట్టి చరిత్ర వాటికి పెద్ద స్థానం ఇవ్వడం సహజం. కానీ మృతుల లెక్క అడిగినప్పుడు పదహారు పేర్ల దగ్గర ఆగిపోతే జవాబు పూర్తి కాదు.

తరువాతి దశకు నమ్మదగిన లెక్క 2020లో వెలువడింది. ఇద్దరు ఐరిష్ చరిత్రకారులు ఏళ్ళ తరబడి ఒక్కో మరణాన్ని విడిగా పరిశీలించి తయారుచేసినది అది. దాని ప్రకారం 1917 జనవరి నుంచి 1921 డిసెంబరు వరకు 2,346 మంది చనిపోయారు. వాళ్ళలో పౌరులు 919, పోలీసులు 523, ఐఆర్ఏకు (స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీకి) చెందినవారు 491, బ్రిటిష్ సైనికులు 413. తిరుగుబాటు మృతులను వాళ్ళు 504గా లెక్కించారు. రెండూ కలిపితే మీరు చూసిన 2,850 వస్తుంది. 485, 504 మధ్య తేడా చూసి కంగారు పడనక్కర్లేదు. గాయపడి తరువాతెప్పుడో చనిపోయినవారినీ, పరోక్షంగా బలైనవారినీ ఎంతవరకు చేర్చాలన్న దాన్ని బట్టి ఇలాంటి అంకె మారుతుంది.

ఇలా లెక్కపెట్టడంలోని కష్టం ఎలాంటిదో 1920 నవంబరు 21 ఆదివారం నాటి ఘటనలో చూడవచ్చు. ఆ ఉదయం ఐఆర్ఏ నిఘా విభాగానికి అధిపతి అయిన మైకేల్ కాలిన్స్ మనుషులు డబ్లిన్‌లో బ్రిటిష్ నిఘా అధికారులని అనుమానించినవారిని వాళ్ళ బసల్లోనే కాల్చి చంపారు. మధ్యాహ్నం క్రోక్ పార్క్ మైదానంలో టిప్పరేరీ, డబ్లిన్ జట్ల మధ్య ఫుట్‌బాల్ ఆట జరుగుతుండగా పోలీసులు లోపలికి చొచ్చుకొచ్చి జనం మీద కాల్పులు జరిపారు. పద్నాలుగు మంది చనిపోయారు. టిప్పరేరీ ఆటగాడు మైకేల్ హోగన్ మైదానంలోనే కూలిపోయాడు. పెళ్ళికి కొద్ది రోజులే ఉన్న జేన్ బాయిల్ అనే ఇరవై ఆరేళ్ళ యువతి తనను చేసుకోబోయేవాడి పక్కనే నిలబడి ఉండగా గుండు తగిలింది. జెరోమ్ ఓలియరీకి పదేళ్ళు, విలియం రాబిన్సన్‌కు పదకొండు, జాన్ విలియం స్కాట్‌కు పద్నాలుగు. ఇద్దరు గుండు తగలకుండా, తొక్కిసలాటలో నలిగి పోయారు. కొందరు ఆసుపత్రిలో తరువాతి రోజుల్లో కన్నుమూశారు. సైన్యం జరిపిన విచారణ రహస్యంగా సాగింది, దాని పత్రాలు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. హోగన్ పేరు స్టేడియంలోని ఒక స్టాండ్‌కు పెట్టారు. మిగిలినవారిలో ఎనిమిది మంది సమాధుల మీద చాలాకాలం పేరు చెక్కిన రాయి కూడా లేదు. శతాబ్ది సమీపిస్తుండగా గేలిక్ క్రీడల సంఘం ఆ కుటుంబాలను వెతికి రాళ్ళు పెట్టించింది.

పోలీసుల 523 మరణాల గురించి ఒక మాట. రాయల్ ఐరిష్ కానిస్టాబ్యులరీ అనే ఆ దళంలో మొదటినుంచీ ఎక్కువమంది ఐరిష్ క్యాథలిక్ రైతు కుటుంబాల కొడుకులే. 1920లో బ్రిటన్ నుంచి వచ్చి చేరిన బ్లాక్ అండ్ ట్యాన్లు, ఆక్సిలరీలు కూడా ఈ లెక్కలోనే ఉన్నారు. పౌరుల 919 మందిలో అందరూ ప్రభుత్వ బలగాల చేతిలో చనిపోలేదు. గూఢచారులన్న ఆరోపణతో ఐఆర్ఏ చంపిన పౌరులు దాదాపు 200 మంది. కొందరి మీద ఆరోపణ నిజమై ఉండవచ్చు, కొందరి మీద కాదు. స్వాతంత్ర్య పోరాటాన్ని గౌరవించేవాడిగానే ఈ విషయం దాచకూడదని చెబుతున్నాను.

మరణశిక్షలు, నిరాహార దీక్షల సంఖ్య చిన్నదే అయినా వాటి ప్రభావం మన దేశం దాకా వచ్చింది. కార్క్ మేయర్ టెరెన్స్ మాక్‌స్వీనీ లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైలులో 74 రోజులు నిరాహార దీక్ష చేసి 1920 అక్టోబరు 25న మరణించాడు. తొమ్మిదేళ్ళ తరువాత లాహోర్ జైలులో 63 రోజుల దీక్షతో జతీంద్రనాథ్ దాస్ ప్రాణం విడిచినప్పుడు మాక్‌స్వీనీ కుటుంబం సంతాప తంతి పంపింది. పద్దెనిమిదేళ్ళ వైద్య విద్యార్థి కెవిన్ బారీని నవంబరు 1న డబ్లిన్‌లో ఉరితీశారు. ఆ మర్నాడే మన హిమాచల్‌లోని దగ్షాయి జైలులో జేమ్స్ డేలీ అనే ఇరవై ఏళ్ళ సైనికుణ్ణి కాల్చి చంపారు. ఐర్లాండ్‌లో బ్లాక్ అండ్ ట్యాన్ల దౌర్జన్యాలకు నిరసనగా జలంధర్‌లో ఉన్న కనాట్ రేంజర్స్ అనే ఐరిష్ రెజిమెంట్ సైనికులు జూన్ 28న ఆయుధాలు దించేశారు. నిరసన సోలన్‌కు పాకింది. అక్కడ ఆయుధాగారం వద్ద జరిగిన కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. పద్నాలుగు మందికి మరణశిక్ష పడినా అమలైంది డేలీ ఒక్కడి మీదే. డేలీ, సోలన్‌లో చనిపోయిన ఆ ఇద్దరు, ఈ ముగ్గురి అవశేషాలను 1970లో ఐర్లాండ్‌కు తీసుకెళ్ళారు. 2,850 వంటి లెక్కల్లో ఈ ముగ్గురి పేర్లు వెతకకండి. ఆ లెక్క ఐర్లాండ్ గడ్డ మీద జరిగిన మరణాలది.

తెలుగువారికి ఇంకో దగ్గరి లంకె ఉంది. తరువాత మన రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1913 నుంచి 1916 వరకు డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు. తిరుగుబాటు తరువాత ఆయన ఆ దేశం వదిలి రావలసి వచ్చింది. డబ్లిన్‌లో ఆ రోజుల్లో తిరిగిన తెలుగు యువకుడు తన కళ్ళతో చూసిన నగరం ఇది.

అంతర్యుద్ధం గురించి మీరు అడగలేదు, కానీ దాన్ని విడిచిపెడితే లెక్క అసంపూర్ణం. బ్రిటన్‌తో 1921 డిసెంబరులో కుదిరిన ఒప్పందాన్ని ఒప్పుకున్నవారికీ కాదన్నవారికీ మధ్య 1922 జూన్ 28 నుంచి 1923 మే వరకు జరిగిన పోరులో సుమారు 1,400 నుంచి 1,500 మంది చనిపోయారు. కాలిన్స్ 1922 ఆగస్టు 22న పోయింది ఇందులోనే. కొత్త ప్రభుత్వం తన పాత సహచరుల మీద అమలు చేసిన మరణశిక్షలు 77 అని చాలాకాలం చెప్పుకున్నారు. తరువాతి పరిశోధన 81 అని తేల్చింది. బ్రిటిష్ వారు 1916 తరువాత అమలు చేసిన వాటికంటే ఇవి చాలా ఎక్కువ. కెవిన్ ఓహిగ్గిన్స్ పెళ్ళిలో తోడు పెళ్ళికొడుకుగా నిలిచి, తరువాత ఒప్పందాన్ని కాదన్న రోరీ ఓకానర్‌ను, ఏడాది తిరిగేసరికి ఓహిగ్గిన్స్ మంత్రిగా ఉన్న ప్రభుత్వమే కాల్చి చంపింది. కెర్రీ జిల్లా బాలిసీడీలో 1923 మార్చి 7న ప్రభుత్వ సైనికులు తొమ్మిది మంది ఖైదీలను మందుపాతర చుట్టూ కట్టి పేల్చారు. ఎనిమిది మంది చనిపోగా స్టీఫెన్ ఫుల్లర్ ఒక్కడు ఎగిరి దూరంగా పడి బతికాడు.

ఈ మృతులను ఎలా స్మరించారన్నది కూడా లెక్కల మీద ప్రభావం చూపింది. మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల కోసం డబ్లిన్‌లోని ఐలండ్‌బ్రిడ్జ్ వద్ద స్మారక వనాన్ని 1930ల్లో నిర్మించారు. మన ఢిల్లీలోని ఇండియా గేట్‌ను రూపొందించిన ఎడ్విన్ లుట్యెన్స్ దీని రూపకర్త కూడా. పని చేసినవారిలో సగం మంది బ్రిటిష్ సైన్యపు మాజీలు, సగం మంది ఐరిష్ సైన్యపు మాజీలు. పని 1939 నాటికి దాదాపు పూర్తయినా అధికారికంగా ప్రారంభమైంది 1988లోనే. మధ్యలో దశాబ్దాల పాటు పాడుబడింది. ఇళ్ళలో సైనికుల పతకాలు పెట్టెల అడుగున ఉండిపోయాయి. స్వాతంత్ర్యం కోసం చనిపోయినవారి స్మారక ఉద్యానం మాత్రం తిరుగుబాటు స్వర్ణోత్సవ సంవత్సరం 1966లో పార్నెల్ స్క్వేర్‌లో వెలిసింది. 2016లో గ్లాస్నెవిన్ శ్మశానవాటికలో అన్ని పక్షాల మృతుల పేర్లను వరుసగా ఒకే గోడ మీద చెక్కితే దాని మీద దాడులు జరిగాయి. చివరికి ఆ గోడను కొనసాగించకూడదని నిర్ణయించారు.

మీరు వ్యాసం రాసేటప్పుడు ప్రతి అంకె పక్కన కాలాన్ని, ప్రదేశాన్ని, ఎవరిని చేర్చారన్నదాన్ని రాయండి. పేరు ఆధారంగా ఒక్క మనిషిని వెతకాలంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితాతో మొదలుపెట్టండి. మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల సేవా పత్రాల్లో సగానికి మించి 1940 నాటి లండన్ బాంబు దాడిలో కాలిపోయాయి కాబట్టి పత్రం దొరక్కపోతే ఆ మనిషి లేడని అనుకోవద్దు. ఐర్లాండ్ జాతీయ పత్రాగారంలో సుమారు 9,000 మంది సైనికుల వీలునామాలు ఉన్నాయి, వాటిలో చాలా వాటికి చదవడానికి రెండు నిమిషాలు చాలు. 1911 జనాభా లెక్కల పత్రాలు ఉచితంగా చూడవచ్చు. పేరు, ఊరు తెలిస్తే ఆ ఇంట్లో అప్పుడు ఎవరెవరు ఉన్నారో అందులో దొరుకుతుంది. స్వాతంత్ర్య పోరాటం వైపు వెతకాలంటే 1947 తరువాతి పదేళ్ళలో సేకరించి 2003లో బయటపెట్టిన 1,773 సాక్షుల వాంగ్మూలాలు, సైనిక పింఛను దరఖాస్తులు ఉన్నాయి. పింఛను దరఖాస్తుల్లో కొడుకును పోగొట్టుకున్న తల్లులు, భర్తను పోగొట్టుకున్న భార్యలు తమ ఆదాయం ఎంతో, మృతుడు ఇంటికి వారానికి ఎంత ఇచ్చేవాడో వివరంగా రాయవలసి వచ్చింది. మీ వ్యాసానికి ఒక్క మూలాన్నే చదివే వ్యవధి ఉంటే వాటినే చదవండి.